ఆర్గానిక్ బీరు వల్ల నేలకి, నీటికి నిజంగా ఎంత మేలు? తెలిసినవాళ్లు చెప్పండి

మాది రాయగడ దగ్గర పల్లె. మా బావ బరంపురంలో ఆర్గానిక్ బార్లీతో బీరు కాచే చిన్న యూనిట్ పెడదామని చూస్తున్నాడు. మామూలు బీరు కంటే పర్యావరణానికి ఇది ఎందుకు మంచిదో బోర్డు మీద రాయించే పని నాకు అప్పజెప్పాడు. అబద్ధం రాయడం నాకు ఇష్టం లేదు.

పొలం సంగతి నాకు అర్థమవుతుంది. యూరియా తయారీకే బోలెడు గ్యాస్ ఖర్చవుతుంది. చేలో వేశాక వెలువడే నైట్రస్ ఆక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు వేడి పెంచుతుంది. మా చోళ్ల (రాగుల) చేనుకి పెంట తప్ప ఏమీ వెయ్యం. గట్టు పక్కన ఇప్పటికీ కప్పలు, ఎర్రలు కనిపిస్తాయి. పైనున్న పత్తి చేలల్లో కొట్టిన మందు మాత్రం వానకి కొట్టుకొచ్చి గెడ్డలో కలుస్తోంది. అదే నా బాధ.

మరి మిగతా లెక్క? ఆర్గానిక్ బార్లీ దిగుబడి తక్కువ, అంటే ఎక్కువ భూమి కావాలి. అదీ రాజస్థాన్, హర్యానాల నుంచి లారీల్లో రావాలి. గాజు సీసా, కూలింగ్ కరెంటు ఎవరికైనా ఒకటే కదా. అవన్నీ కలిపాక కూడా మేలు మిగులుతుందా?

ఇంకోటి, హాప్స్, అంటే బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు. అమెరికాలో 2013 దాకా మామూలు హాప్స్ వాడినా ఆర్గానిక్ ముద్ర ఇచ్చేవారు. మన దగ్గర రూల్ ఏంటి?

బార్లీలో కొంత తగ్గించి మొలకెత్తించిన చోళ్లు కలపొచ్చా? ఎంతవరకు? చేసి చూసినవాళ్లుంటే దయచేసి వివరంగా రాయండి.