మా గెడ్డ (వాగు) మీద వంతెన వచ్చే తుపానుకి ఆగుతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఆనందపురం_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది విశాఖ దగ్గర ఆనందపురం నుంచి లోపలికి ఉండే ఊరు. ఆసుపత్రికైనా బడికైనా ఒకటే దారి, మధ్యలో గెడ్డ మీద మూడు తూముల పాత వంతెన. పోయిన వానాకాలం వంతెన స్లాబుకీ రోడ్డుకీ మధ్య బొటనవేలు దూరేంత సందు వచ్చింది, తారు పోసి పూడ్చారు, నెల తిరక్కుండా మళ్లీ అక్కడే దిగబడింది. ఆఫీసుకెళ్లి అడిగితే పైన బాగానే ఉంది కదా అన్నారు. మా వదినకి అక్టోబర్‌లో నెలలు నిండుతాయి, రాత్రిపూట వాన పట్టుకుంటే ఇంట్లో అందరికీ టెన్షనే. అసలు ఏం చూడాలి?

రిటైర్డ్_ఏఈ:
తమ్ముడూ, ఇది పైన చూసి చెప్పేది కాదు. నా సర్వీసులో చిన్న వంతెనలు బరువుకి కూలగా చూసింది తక్కువ, నీళ్లు పునాది కింద మట్టి తోడేస్తే ఒరిగినవే ఎక్కువ. వరదలో స్తంభానికి కొట్టుకున్న నీరు సుడి తిరిగి అడుగున గుంట తవ్వుతుంది, వరద తీసేటప్పుడు ఇసుక వచ్చి అదే గుంటని పూడ్చేస్తుంది, అందుకే ఫిబ్రవరిలో వెళ్లి చూస్తే అంతా చదునుగా, ఏమీ జరగనట్టే ఉంటుంది. వంతెన పునాదులకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన నియమావళి ఐఆర్‌సీ 78 ప్రకారం, వరద అడుగు మట్టిని కోసే మామూలు లోతుకి స్తంభం దగ్గర 2 రెట్లు, ఒడ్డు గోడ దగ్గర 1.27 రెట్లు లెక్క కట్టి పునాది అంతకంటే కిందికి దించాలి. పాతవాటికి అంత లోతు ఉందో లేదో చెప్పడానికి చాలాసార్లు డ్రాయింగులే దొరకవు.

నువ్వు చెప్పిన సందు చూస్తే అప్రోచ్ (వంతెన మీదికి ఎక్కే రోడ్డు) కింద మట్టి జారుతోందని నా అనుమానం. వాన పడ్డ మర్నాడు గోడ కన్నాల్లోంచి, రాతి కట్టు సందుల్లోంచి వచ్చే నీరు చూడు. తేటగా వస్తే మంచిదే, ఎర్రగా వస్తే మాత్రం లోపలి మట్టి పోతున్నట్టే. తూముల్లో సరుగుడు కొమ్మలూ ప్లాస్టిక్కూ అడ్డం పడ్డాయా, ఎగువన కొత్త లేఔట్లు వచ్చాయా అదీ చూడు. నేల కాంక్రీటైతే ఇదివరకు రెండు గంటల్లో వచ్చే నీరు అరగంటలో వచ్చి పడుతుంది, తూములు మాత్రం అప్పటివే.

పాడేరు_ఘాట్:
నేను రోజూ ఘాట్ ఎక్కి దిగుతాను. మా దగ్గర గొడవంతా కొండచరియలదే, ఈ కొండల రాయి ఖొండలైటు, ఎండావానకి మెత్తబడి ఎర్రమట్టి అయిపోతుంది. కొండవైపు కాలువ పూడిపోయి నీరు రోడ్డుకి అడ్డంగా పారినా, లోయ అంచున రోడ్డు పొడవునా చీలిక కనబడినా, నిటారు చెట్టు వంగినా ఆ మలుపు దగ్గర బండి ఆపను.

మధురవాడ_లక్ష్మి:
2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి మా వీధి రోడ్డు ఎక్కడా తెగలేదు, అయినా అంబులెన్స్ రాలేకపోయింది, చెట్లూ కరెంటు స్తంభాలూ అడ్డం పడిపోయాయి. కాబట్టి బాబూ, వంతెన ఒక్కటే కాదు, ఊరి నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా దారంతా నడిచి చూడు. ఇంకోటి, ఏది ముందు బాగుచెయ్యాలో నిర్ణయించేటప్పుడు రోజుకి ఎన్ని బండ్లు పోతాయన్నదే ఎక్కువగా చూస్తారు, అది తెగితే వేరే దారి లేనివాళ్లు ఎంతమందో చాలాసార్లు లెక్కలోకి రాదు. మీ అర్జీలో ఆ మాటే ముందు రాయండి.

ఆనందపురం_కుర్రాడు:
నిన్న రాత్రి వాన పడింది, పొద్దున్నే గెడ్డలోకి దిగాను. కుడి ఒడ్డు గోడలో మూడో కన్నంలోంచి నీరు ఎర్రగా వస్తోంది సార్, గ్లాసులో పట్టి గట్టు మీద పెడితే పది నిమిషాలకి అడుగున వేలు మందాన మట్టి పేరుకుంది. ఫొటోలు తీశాను. ఎగువన రెండు లేఔట్లు కూడా ఉన్నాయి. దారి లేనివాళ్లు మా ఊరూ పక్క రెండు కల్లాలూ (శివారు పల్లెలూ) కలిపి ఎన్ని గడపలో లెక్క రాసి సోమవారం అర్జీ ఇస్తున్నాం. వదినని సెప్టెంబర్ ఆఖరికే పెందుర్తిలో వాళ్ల అక్క ఇంటికి పంపేస్తున్నాం.

రిటైర్డ్_ఏఈ:
మంచి పని చేశావు. ఆ గ్లాసు ఫొటో అర్జీకి జత చెయ్యి. అది బాగయ్యేదాకా ఇసుక లారీలని ఆ ఒడ్డు మీదికి రానివ్వకండి.