తుఫానుకు పడిన వేపచెట్టు బుడిపె: నేచురల్ ఎడ్జ్ గిన్నెకు ఎటు తిప్పి బిగించాలి?

చీరాల_చెక్క:

అందరికీ నమస్కారం. మాది చీరాల దగ్గర పల్లె. మొన్న 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, ఆ గాలికి మా పెరట్లో వేపచెట్టు వేళ్ళతో సహా ఒరిగిపోయింది. మా తాతయ్య నాటిన చెట్టు. దుంగలు సామిల్లుకు పోయాయి గానీ మొదట్లో ఉన్న బుడిపెను మాత్రం నేను ఇవ్వలేదు. దాన్ని చెయిన్ రంపంతో కాండం నుంచి వేరు చేయించాను.

ఒక పక్క రంపం కోసిన చదును ముఖం. రెండో పక్కంతా బెరడుతో గుట్టలు గుట్టలుగా ఉంది. పొడవు 13 అంగుళాలు, వెడల్పు 11, మందం ఒకచోట 6, ఇంకోచోట 4. బరువు 8 కిలోల దాకా ఉంటుంది. కోసిన ముఖానికి కొవ్వొత్తుల మైనం కరిగించి పూసి నీడన పెట్టాను.

నా లేత్‌లో (చెక్కను తిప్పుతూ కోసే యంత్రం) తిరిగే సెంటర్ నుంచి కింది బెడ్ దాకా 7 అంగుళాలు, వేగం 250 ఆర్పీఎం నుంచి మొదలవుతుంది. అర అంగుళం బౌల్ గౌజ్ (గిన్నెలు తొలిచే గాడి ఉలి), 50 మి.మీ. జాస్ (చెక్కను పట్టుకునే దవడలు) ఉన్న చక్, చెక్కకు స్క్రూలతో బిగించే 3 అంగుళాల ఫేస్‌ప్లేట్ ఉన్నాయి. ఇప్పటిదాకా మామిడిలో, టేకులో గుండ్రటి గిన్నెలే చేశాను. దీన్ని మాత్రం నేచురల్ ఎడ్జ్‌గా, అంటే అంచున బెరడు ఉండేలా చేయాలని ఉంది. చదును ముఖానికి ఫేస్‌ప్లేట్ బిగించి మొదలుపెట్టవచ్చా? బెరడు నిలుస్తుందా? ఏటికొప్పాక బొమ్మల్లాగా లక్క పూత వేస్తే బాగుంటుందా?

ఇంకొకటి. మా చెరువుగట్టు మీద వేపకు దీనికి రెండింతల బుడిపె ఉంది. పంచాయతీ వాళ్ళను అడిగి దాన్ని కోయించుకుందామా అని ఆలోచిస్తున్నాను.

తెనాలి_టు_ఆరెగాన్:

ఫేస్‌ప్లేట్ ఇప్పుడే వద్దండీ. చదును ముఖం కనపడగానే చెయ్యి స్క్రూల మీదికి పోతుంది. కానీ ఆ ముఖం రంపం నడిచిన దారిన వచ్చింది, బుడిపె మట్టం వేరు. దాన్నే అడుగు అనుకుని బిగిస్తే అంచు ఒక పక్క నిక్కి, ఒక పక్క కూలిపోయి వస్తుంది. తరవాత సర్దడానికి చెక్క మిగలదు. ఈ గిన్నెల అందం లేత్ స్విచ్ వేయకముందే తేలిపోతుంది. నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టేది అక్కడే.

నేనుండే ఆరెగాన్‌లో బిగ్‌లీఫ్ మేపుల్ చెట్లకు పెద్ద పెద్ద బుడిపెలు వస్తాయి. నేను తిప్పేవి ఎక్కువగా అవే. పద్ధతి ఏ చెట్టుకైనా ఒకటే: మొదట రెండు సెంటర్ల మధ్య, అంటే చెక్కను తిప్పే డ్రైవ్ సెంటర్‌కూ, ఎదురుగా ఆసరా ఇచ్చే టెయిల్‌స్టాక్ కొనకూ మధ్య పట్టాలి. బెరడు పక్క సుమారు మధ్యలో ఒకటిన్నర అంగుళం ఫోర్స్‌ట్నర్ బిట్‌తో (చదును అడుగున్న గుంట చేసే డ్రిల్ బిట్) బెరడు దాటి గట్టి చెక్క తగిలేదాకా గుంట చేయండి. డ్రైవ్ సెంటర్ ఆ గుంటలో కూర్చోవాలి. బెరడు మీదే గుచ్చితే మొదటి దెబ్బకే జారుతుంది. రెండు పళ్ళ డ్రైవ్ సెంటర్ దొరికితే మరీ మంచిది, చెక్కను అటూ ఇటూ వాల్చడానికి వీలిస్తుంది. టెయిల్‌స్టాక్ కొన చదును ముఖం మీద ఆనుతుంది.

ఇప్పుడు గౌజ్ ఆనించే టూల్ రెస్ట్‌ను బెరడు దగ్గరికి జరిపి, కరెంటు ప్లగ్గు తీసేసి, చేత్తో తిప్పుతూ చూడండి. అంచు ఎక్కడ పోతుందో మనసులో గీసుకుని, అక్కడి ఎత్తైన గుట్టలు ఒక్కొక్కటీ రెస్ట్‌కు ఎంత దూరంలో వస్తున్నాయో కొలవండి. ఎదురెదురు గుట్టలు దాదాపు ఒకే దూరంలోకి వచ్చేదాకా టెయిల్‌స్టాక్ కొనను పావు అంగుళం, అర అంగుళం జరుపుతూ పోండి. ఎత్తులు సర్దుకున్నాక పల్లాలు కూడా చూడాలి. ఒక పల్లం మరీ లోతుగా ఉంటే అక్కడ గిన్నె గోడే మిగలదు. మీ బుడిపె ఒకచోట 6, ఒకచోట 4 అంటున్నారు కాబట్టి టెయిల్‌స్టాక్ కొన మధ్య నుంచి బాగానే జరగాల్సి రావచ్చు. చదును ముఖం ఏటవాలుగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి, అదంతా కోతలో పోయే చెక్కే.

ఆకారం గురించి నా గట్టి అభిప్రాయం: వెడల్పుగా, లోతు తక్కువగా చేయండి. బుడిపెలోని మొగ్గలు కాండం నుంచి బయటికి పెరుగుతాయి. వాటిని అడ్డంగా కోసినచోట కళ్ళలాగా చుక్కలు కనిపిస్తాయి, నిలువుగా కోసినచోట చారలే వస్తాయి. గోడ నిటారుగా లేస్తే చారలు ఎక్కువ. వాలుగా పరుచుకుంటే లోపలంతా కళ్ళు.

వేగం 250 దగ్గరే మొదలుపెట్టండి. గిన్నె వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని ఆర్పీఎంతో గుణిస్తే 6,000 నుంచి 9,000 మధ్య రావాలని టర్నర్లలో ఒక లెక్క ఉంది. 12 అంగుళాలకు 500 నుంచి 750. అది గుండ్రంగా, బరువు సమంగా ఉన్న చెక్కకు. మీది ఇంకా అలా కాలేదు. ముందు అడుగు వైపు అదనపు చెక్క తీసేస్తే ఊపు తగ్గుతుంది, అప్పుడు లేత్ వణకడం మొదలయ్యే వేగానికి కాస్త కిందే ఉండండి. కళ్ళజోడు చాలదు, ముఖమంతా కప్పే షీల్డ్ పెట్టుకోండి. స్విచ్ వేసేటప్పుడు చెక్క తిరిగే వరుసలో నిలబడొద్దు, పక్కకు జరగండి. బుడిపెల్లో లోపల బెరడు ఇరుక్కున్న చోట్లుంటాయి, అక్కడ ముక్క ఊడితే నేరుగా ముఖానికే వస్తుంది.

బయటి పక్క మామూలు గిన్నెకు అడుగు నుంచి అంచుకు కోస్తాం. ఇక్కడ అంచు దగ్గర మాత్రం తిరగేయండి: బెరడు నుంచి చెక్కలోకి కోయాలి. అప్పుడు వెనక చెక్క బెరడుకు ఆసరాగా ఉంటుంది. చెక్కలోంచి బెరడులోకి కోస్తే గౌజ్ దాన్ని బయటికి నెట్టేస్తుంది. టెనన్ (తరవాత గిన్నెను తిప్పి చక్‌లో పట్టడానికి అడుగున వదిలే గుండ్రటి ముక్క) మీ జాస్‌కు సరిపోయినంత లావుగా ఉంచండి. 12 అంగుళాల గిన్నెకు 50 మి.మీ. జాస్ చిన్నవే. టెనన్ వచ్చే చోట బెరడు ఇరుకుంటే చక్‌ను నమ్మొద్దు, అప్పుడు మీ ఫేస్‌ప్లేట్‌కు పని పడుతుంది. దానికి లావు చెక్క స్క్రూలే వాడండి. నల్లటి డ్రైవాల్ స్క్రూలు పెళుసు, తల దగ్గర తెగిపోతాయి.

లోపలి పని మొత్తంలో మరీ మరీ చెప్పాల్సింది ఒకటే: అంచును ముందే పూర్తి చేసేయాలి. పచ్చి చెక్క కోస్తుండగానే కదులుతుంది. మొదటి అంగుళం లోతు దాకా గోడను చివరి మందానికి, సుమారు 8 మి.మీ.కు తెచ్చి, గౌజ్ మళ్ళీ పదును పెట్టి, నున్నగా కోసి వదిలేయండి. తరవాత రెండో అంగుళం. ఆపైన మూడోది. మధ్యలో చెక్కను దిమ్మెలాగా వదిలేస్తే చివరిదాకా టెయిల్‌స్టాక్ ఆసరా ఉంటుంది, బరువు వల్ల వణుకూ తగ్గుతుంది. అడుగుదాకా వచ్చాక అంచు మీద ఇంకొక్క పొర తీద్దామని వెనక్కి వెళ్ళకండి. అప్పటికి అది గుండ్రంగా ఉండదు.

అంచు తిరుగుతున్నప్పుడు గౌజ్ సగం సేపు గాలినే కోస్తుంది. తోసుకుపోతే గాలి వచ్చినచోట గౌజ్ లోపలికి దూకుతుంది, చెక్క వచ్చినచోట దెబ్బ తింటుంది. రెస్ట్ మీద గట్టిగా ఆనించి, నిదానంగా, సమానంగా జరపండి. వెనక గోడకు నల్ల గుడ్డ కట్టి పైనుంచి దీపం పెడితే తిరిగే అంచు మసక నీడగా కనిపిస్తుంది. మందం ఆ నీడలోనే చూసుకోవాలి. ఆ నీడలోకి వేలు పోనివ్వొద్దు. అంచుకు సాండ్ పేపర్ లేత్ ఆపి, చేత్తోనే పట్టండి.

బెరడు సంగతి. చెట్టు చిగురు తొడిగే రోజుల్లో బెరడు కింద పొర మెత్తగా ఉండి ఊడిపోతుంది. మీ చెట్టు డిసెంబరులో పడింది, ఉగాది చిగురు, పూత ఇంకా రాలేదు. కాబట్టి నిలిచే అవకాశం బాగా ఉంది. అయినా బయటి పక్క కోత అవగానే లేత్ ఆపి బెరడు, చెక్క కలిసే గీత వెంట పల్చటి ఫెవిక్విక్ పట్టించండి. నేరుగా వేస్తే తెల్ల చెక్కకు మరక పడుతుంది. ముందు స్పిరిట్‌లో కరిగించిన లక్క ఒక పూత రాసి, ఆరాక వేయండి. ఎండలు ముదరకముందే తిప్పేయండి. తిప్పిన గిన్నెను దాని పొట్టులోనే కప్పి, కాగితం సంచిలో మూతికట్టి, గాలి తగలనిచోట ఉంచండి. బుడిపె చెక్కలో నార ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటుంది కాబట్టి మామూలు చెక్కంతగా పగలదు. పైన ఎగుడుదిగుడుగా ముడుచుకుంటుంది. నాకైతే చేతికి ఆ ముడుతలు తగలడమే ఇష్టం.

చెరువుగట్టు వేప జోలికి వెళ్ళకండి, దయచేసి. బుడిపె కోస్తే బతికున్న చెట్టుకు అంత వెడల్పు గాయం మిగులుతుంది, అందులోంచి కుళ్ళు లోపలికి దిగుతుంది. ఇక్కడ పక్క రాష్ట్రం కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ పార్కుల్లో దొంగలు రాత్రిపూట వచ్చి మహావృక్షాల మొదట్లో బుడిపెలు కోసుకుపోతుంటే, 2014లో పార్కు వాళ్ళు ఒక రోడ్డును రాత్రిళ్ళు మూసేయాల్సి వచ్చింది. రెడ్‌వుడ్‌కు ఆ బుడిపెలోంచే కొత్త మొలకలు వస్తాయి. ఆ కోతల ఫొటోలు చూశాక, నేను పడిన చెట్టు బుడిపె తప్ప ఇంకేదీ కొనడం లేదు. తుఫాన్లు వచ్చే తీరంలో మీకు పడిన చెట్లు దొరక్కపోవు. సామిల్లు వాళ్ళకు చెప్పి ఉంచండి, చాలు.

వరాహ_ఒడ్డు:

మాది ఏటికొప్పాక పక్క ఊరేనండి, మా ఇంట్లో లక్క పనే. లక్క గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. మేం వాడేది అంకుడు కర్ర, మెత్తగా, సన్న నారతో ఉంటుంది, బాగా ఆరబెట్టాకే వాడతాం. కర్ర తిరుగుతుండగా లక్క కడ్డీ ఒత్తితే రాపిడి వేడికి కరిగి పడుతుంది, దాని మీద మొగలి ఆకు పెట్టి మెరుగు తెస్తాం. కర్ర నున్నగా, తెంపు లేకుండా తిరగాలి. మీ గిన్నె అంచు తెంపులు తెంపులుగా ఉంటుంది, కడ్డీ అక్కడ కొట్టుకుని విరుగుతుంది. పైగా పచ్చి చెక్క ముడుచుకుంటే మీద లక్క పెచ్చులు లేస్తుంది. దీనికి నూనె పెట్టండి. గిన్నె పూర్తిగా ఆరాక మరగబెట్టని అవిసె నూనె పల్చగా రాసి, మిగిలింది తుడిచేసి, ఒక పూత ఆరాక ఇంకోటి. తుడిచిన గుడ్డ ఉండచుట్టి మూల పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. పరిచి ఆరేయండి.

సైనిక్‌పురి_టర్నర్:

నేనైతే బెరడు మొత్తం తీసేస్తాను. ఎంత జిగురు పోసినా వాడకంలో ఎప్పుడో ఒకప్పుడు పెచ్చు ఊడుతుంది. ఇత్తడి బ్రష్‌తో బెరడు తీసేస్తే కింద బుడిపె అసలు ఉపరితలం ముళ్ళుముళ్ళుగా కనిపిస్తుంది, అంచుకు అదే అందం.

తెనాలి_టు_ఆరెగాన్:

@సైనిక్‌పురి_టర్నర్ మేపుల్‌కు నేనూ చాలాసార్లు అలాగే చేస్తాను, దాని బెరడు పల్చన, కింద ముళ్ళు చక్కగా ఉంటాయి. వేప బెరడు మందంగా, పగుళ్ళు పగుళ్ళుగా ఉంటుంది. ముదురు రంగు పట్టీలా అంచు చుట్టూ నిలిస్తే ఈ గిన్నెకు అదే ముఖం. వాళ్ళ తాతయ్య నాటిన చెట్టు బెరడు కూడా. ముందు ఉంచే ప్రయత్నం చేయమనండి. ఒక్కచోట ఊడినా అప్పుడు మొత్తం తీసేయవచ్చు. ముందే తీసేస్తే మళ్ళీ అతకదు.

చీరాల_చెక్క:

అందరికీ చాలా థాంక్సండీ. చెరువుగట్టు చెట్టు ఆలోచన మానుకున్నాను. ఈ ఆదివారం సెంటర్ల మధ్య పట్టి చూస్తాను. చివరగా ఒక్కటి: అడుగున టెనన్ ఎలా తీయాలి? మామూలు గిన్నెలకు అంచు పట్టుకునే పెద్ద జాస్ వాడతాను. దీని అంచు ఎత్తుపల్లాలు కదా.

తెనాలి_టు_ఆరెగాన్:

అవి దీనికి పనికిరావు. చక్‌లో ఒక పనికిరాని చెక్క దిమ్మె పట్టి, దాని కొసను గిన్నె లోపలి అడుగు వంపుకు తగ్గట్టు గుండ్రంగా తిప్పండి. మీద మెత్తటి రబ్బరు షీటు గానీ పాత తువ్వాలు ముక్క గానీ వేసి, గిన్నెను బోర్లించినట్టు దానికి ఆనించి, టెనన్ మీద మొదట్లో టెయిల్‌స్టాక్ కొన చేసిన గుంటలోనే కొనను మళ్ళీ కూర్చోబెట్టండి. అంచు దేన్నీ తాకదు, గాల్లోనే తిరుగుతుంది. 400 ఆర్పీఎం చాలు. టెనన్‌ను తగ్గించుకుంటూ వచ్చి కొన కింద బొటనవేలు లావు ముక్క మిగిలాక ఆపండి. మిగిలింది లేత్ మీంచి దించి ఉలితో తీసేయాలి. అడుగు మధ్యలో కాస్త లోపలికి గుంటగా కోయడం మరవద్దు. ఆరేటప్పుడు అడుగు ఉబ్బితే గిన్నె బల్ల మీద ఊగుతుంది.