పాత తెరచాప పడవలో కరెంటు ప్యానెల్: బాగు చేయాలా, కొత్తది పెట్టాలా?

ఉప్పుగాలి (రాయపురం, చెన్నై)

అందరికీ నమస్కారం. ఈ ఏడాది మా చేతికి 26 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ ఒకటి వచ్చింది. లోపల చిన్న డీజిల్ ఇంజను, 12 ఓల్టుల బ్యాటరీలు రెండు ఉన్నాయి. పడవ ఒళ్లు గట్టిగానే ఉంది, తెరచాపలు బాగున్నాయి. కరెంటు దగ్గరే చిక్కంతా. తాళం తిప్పితే ఒకసారి సెల్ఫ్ మోటారు తిరుగుతుంది, మరోసారి టక్‌మని ఊరుకుంటుంది. మాస్టు (తెరచాప కట్టే స్తంభం) పైనున్న దీపం మిణుకుమిణుకుమంటుంది. అడుగున చేరిన నీటిని తోడే పంపు స్విచ్చిని నాలుగైదుసార్లు నొక్కితే గాని కదలదు. ప్యానెల్ వెనక గాజు ఫ్యూజులు, పచ్చటి చిలుము, ఎవరు ఎప్పుడు వేశారో తెలియని టేపు చుట్టిన అతుకులు. బ్యాటరీలు మాత్రం కొత్తవి, మీటరు 12.7 ఓల్టులు చూపిస్తోంది.

ఇళ్లకు వైరింగు చేసే ఎలక్ట్రీషియన్ ఒకరు చూసి, అంతా పీకేసి మాడ్యులర్ స్విచ్చులు, ఎంసీబీలు పెడదామన్నారు. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు పడవను సిద్ధం చేయాలి. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

పాతడీజిల్ (విశాఖపట్నం)

ఉప్పుగాలి గారూ, ఏదీ పీకకండి. ముందు కొలవండి.

లోడు లేనప్పుడు, అంటే ఏ పరికరమూ నడవనప్పుడు, 12.7 ఓల్టులు చూపించడం బ్యాటరీ నిండిందని మాత్రమే చెబుతుంది. దారిలో ఎక్కడ ఎంత పోతోందో చెప్పదు. చిలుము పట్టిన కాంటాక్టు గుండా కరెంటు పారనంతసేపు మీటరుకు అంతా బాగానే కనిపిస్తుంది. మోటారు కరెంటు అడిగిన క్షణంలోనే దాని అసలు రంగు బయటపడుతుంది. కాబట్టి కొలత ఎప్పుడూ లోడు మీదే తీయాలి.

మీటరు ఎర్ర పుల్లను బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి, నల్ల పుల్లను పంపు ప్లస్ తీగ చివర పెట్టండి. ఇప్పుడు ఇంకొకరిని పంపు స్విచ్ వేయమనండి. ఆ క్షణంలో కనిపించే అంకే ప్లస్ దారిలో పోతున్న ఓల్టేజి. ఏబీవైసీ అనే అమెరికా ప్రమాణం ప్రధాన ప్యానెలుకు వెళ్లే తీగకు, దారిదీపాల (రాత్రి పడవ చూపించాల్సిన దీపాలు) వంటి ముఖ్యమైన వాటికి రానూపోనూ కలిపి 3 శాతం తరుగుదల మించకూడదంటుంది. అంటే 12 ఓల్టుల మీద సుమారు 0.36. పంపుకూ నేను అదే లెక్క పాటిస్తాను. ఎక్కువ వస్తే నల్ల పుల్లను ఒక్కో అతుకూ వెనక్కి జరుపుతూ రండి. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతుందో అక్కడే రోగం. ఎర్త్ దారినీ, అంటే బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారినీ, ఇలాగే చూడాలి. చాలామంది దాన్ని మరిచిపోయి కొత్త స్విచ్చులు కొంటారు.

సెల్ఫ్ మోటారుకూ ఇదే పద్ధతి. టక్‌మన్న సమయంలో బ్యాటరీ కొమ్ముల మీద ఎంత ఉంది, సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) చిన్న టెర్మినల్ మీద ఎంత ఉంది, రెండూ రాసి ఇక్కడ పెట్టండి. అప్పుడు మాట్లాడుకుందాం.

నాలుగోఅల (కోవళం, చెన్నై)

పాతడీజిల్ గారి మాట నిజమే, కానీ టేపు అతుకులున్న పడవ అంటున్నారు కాబట్టి ఒక పరీక్ష చేర్చుతాను. ప్యానెల్ దగ్గర ఒక తీగ చివర రెండంగుళాల మేర తొక్క ఒలిచి చూడండి. లోపలి రాగి ఎర్రగా మెరిస్తే ఆ తీగను ఉంచుకోవచ్చు. నల్లబడి ఉంటే ఉప్పునీరు తొక్క కింద నుంచి పీల్చుకుపోయిందని అర్థం. దానికి ఎంత మంచి లగ్గు (తీగ చివర బిగించే లోహపు తొడుగు) కొట్టినా నిలవదు. నా పడవలో తీగలన్నీ నల్లబడ్డాయి, అందుకే మొత్తం మార్చాను. ప్యానెల్ మీద కోపంతో మార్చలేదు, తీగల కోసం మార్చాల్సి వచ్చింది.

మన తీరంలో ఇది త్వరగా జరగడానికి కారణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే పేరుకున్న ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకుని కరుగుతుంది. చెన్నైలో రాత్రి తేమ ఆ గీత దాటడం మామూలే. పడవ మీద చుక్క నీరు పడకపోయినా స్విచ్ టెర్మినళ్ల మధ్య తడి పొర ఏర్పడుతుంది, కరెంటు ఉన్నచోట రాగి తినివేయబడుతుంది. మీ పడవ పాతదై, చెన్నై ఓడరేవులోనే ఏళ్ల తరబడి నిలిచినదైతే మరో సంగతి. 2011లో హైకోర్టు ఆదేశంతో ఆగేవరకు అక్కడ బొగ్గు దించేవారు. ఆ కాలంలో అక్కడున్న పడవల ప్యానెళ్ల వెనక నల్లటి ధూళి నేను చూశాను. ఉప్పుతో కలిసి అది గట్టిపడి తడిని పట్టి ఉంచుతుంది. ముందు మంచినీటిలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే కాంటాక్టు క్లీనర్ కొట్టండి. బ్యాటరీ తీగలు రెండూ తీశాకే సుమా.

ఇంటి స్విచ్చులు మాత్రం వద్దు. ఇంట్లో 60 వాట్ల బల్బు పావు ఆంపియరు తీసుకుంటుంది. అదే 60 వాట్లు 12 ఓల్టుల దగ్గర 5 ఆంపియర్లు. పైగా ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది, స్విచ్ తెరుచుకునేటప్పుడు పుట్టే నిప్పు అక్కడ ఆరిపోతుంది. బ్యాటరీ ఇచ్చే డీసీలో ఆ వెసులుబాటు లేదు. స్విచ్ మీద, బ్రేకరు మీద డీసీ ఆంపియర్లు అచ్చు వేసి ఉంటేనే కొనండి.

కాశిమేడు_మెకానిక్

మేం చేపల పడవల ఇంజన్లు చూస్తాం, తెరచాప పడవలూ అప్పుడప్పుడు వస్తాయి. టక్‌మని ఆగే రోగం నూటికి తొంభై తాళం నుంచి సోలినాయిడ్‌కు వెళ్లే సన్నతీగ దారిలోనే ఉంటుంది. చిన్న పడవల్లో ఆ తీగ ఇంజను నుంచి కాక్‌పిట్ ప్యానెల్ దాకా వెళ్లి, తాళం గుండా మళ్లీ ఇంజను దగ్గరికి రావాలి. మధ్యలో ఇంజను పక్కన పెద్ద ప్లగ్గు ఉంటుంది, వేడీ చెమ్మా రెండూ దాని మీదే. ముందు దాన్ని విప్పి చూడండి.

శుభ్రం చేశాక కూడా తరుగుదల ఉంటే కారు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ఒకటి పెట్టండి. దాని కాళ్ల మీద అంకెలుంటాయి: 30కి బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా తీగ, 87 నుంచి సోలినాయిడ్ చిన్న టెర్మినల్‌కు, 86కి తాళం నుంచి వచ్చే పాత తీగ, 85 ఎర్త్. ఇక తాళం మోయాల్సింది రిలే లోపలి తీగచుట్ట తీసుకునే కొద్దిపాటి కరెంటే. రిలేను ఇంజనుకు దగ్గరగా, కానీ నీరు చిందని ఎత్తులో, టెర్మినళ్లు కిందికి ఉండేలా బిగించండి. సరుకంతా జీపీ రోడ్డులో దొరుకుతుంది. నీళ్లు దూరని మూత ఉన్న రిలే అడిగి తీసుకోండి.

తరంగం (అడయార్, చెన్నై)

నేను హ్యామ్ రేడియో మనిషిని. అతుకులన్నీ టంకం వేసుకోవడం నా అలవాటు. పడవలో క్రింపింగే (లగ్గును తీగ మీద నొక్కి బిగించడం) ఎందుకంటారు అందరూ? టంకం పెడితే చిలుము పట్టదు కదా.

పాతడీజిల్ (విశాఖపట్నం)

తరంగం గారూ, టంకం పీల్చుకున్నంత మేర తీగ గట్టి ఊచలా మారుతుంది. అది ముగిసి మెత్తటి తీగ మొదలయ్యే చోట ఇంజను అదురుకు పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. అతుకు బలం టంకం ఒక్కదాని మీదే ఆధారపడకూడదని ఏబీవైసీ నియమం. టిన్ పూత ఉన్న సన్నపోగుల రాగి తీగ, సరైన కొలత లగ్గు, లగ్గుకు తగిన క్రింపింగు పనిముట్టు, దాని మీద, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు (వేడికి ముడుచుకుని బిగిసే గొట్టం): ఈ నాలుగూ ఉంటే టంకం అక్కర్లేదు. కటింగ్ ప్లేయరుతో నొక్కిన లగ్గు చేతితో లాగితే చాలు, ఊడి వస్తుంది. ప్రతి లగ్గునూ గట్టిగా లాగి చూడండి.

ఫ్యూజు తీగను కాపాడటానికి. అందుకే అది బ్యాటరీ ప్లస్ నుంచి 7 అంగుళాలలోపు ఉండాలంటారు. ఇంజను తిప్పే లావు కేబులుకు ఆ నియమంలో మినహాయింపు ఉంది. పాత పడవల్లో ఈ ఒక్క ఫ్యూజే ఉండదు. డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే కొత్త ప్యానెల్ కంటే ముందు దీన్ని పెట్టించండి.

తరంగం (అడయార్, చెన్నై)

అదురు సంగతి ఒప్పుకుంటాను. నాకు తెలిసిన విషయం ఒకటి నేనూ చెప్పాలి. మాస్టు దీపానికి ఎల్‌ఈడీ వేస్తే తీగ సమస్య సగం తీరుతుంది. పాత 25 వాట్ల బల్బు 2 ఆంపియర్లు లాగుతుంది. ప్యానెల్ నుంచి మాస్టు కొన దాకా రానూపోనూ 30 మీటర్లు, తీగ 1 చదరపు మిల్లీమీటరు అనుకుంటే దారిలోనే ఒక ఓల్టు పోతుంది. ఓల్టేజి 10 శాతం తగ్గితే ఆ రకం బల్బు వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. ఎల్‌ఈడీ తీసుకునేది పావు ఆంపియరు లోపే, తరుగుదల లెక్కలోకి రాదు.

కానీ చవక ఎల్‌ఈడీ కొనకండి. దానిలోని డ్రైవరు సర్క్యూట్ రేడియో తరంగాల్లో రొద పుట్టిస్తుంది. మాస్టు కొనలో దీపం పక్కనే పడవ వీహెచ్‌ఎఫ్ రేడియో యాంటెన్నా ఉంటుంది కదా, ఆపదలో పిలవాల్సిన 16వ ఛానల్ ఆ రొదలో మునిగిపోవచ్చు. దీని మీద 2018లో అమెరికా కోస్ట్ గార్డ్ హెచ్చరిక జారీ చేసింది. పరీక్ష చాలా తేలిక: రేడియోను 16 మీద పెట్టి, స్క్వెల్చ్ (రొదను అణిచే మీట)ను రొద అప్పుడే ఆగిన చోట నిలపండి. తర్వాత దీపం వేయండి. మళ్లీ రొద మొదలైతే ఆ దీపం మీ పడవకు పనికిరాదు. రిచీ స్ట్రీట్‌లో కొనేముందే తిరిగి తీసుకుంటారా అని అడగండి.

ఉప్పుగాలి (రాయపురం, చెన్నై)

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. కొలతలు ఇవి. తాళం తిప్పి టక్‌మన్నప్పుడు బ్యాటరీ మీద 12.4, సోలినాయిడ్ చిన్న టెర్మినల్ మీద 8.6. పోయిన 3.8లో ఇంజను పక్క ప్లగ్గు దగ్గరే 2.1, తాళంలో 1.1, మిగిలింది తీగలో. ఎర్త్ దారి బాగుంది. పంపుకు ఫ్యూజు హోల్డరులోనే 0.9 పోతోంది, లోపలి స్ప్రింగు రేకు వదులైపోయింది. తీగ ఒలిచి చూస్తే ప్యానెల్ లోపలివి ఎర్రగా ఉన్నాయి, అడుగుకు వెళ్లేవి, మాస్టుకు వెళ్లేవి నల్లబడ్డాయి.

కాబట్టి ప్యానెల్ పలకను, డీసీ స్విచ్చులను ఉంచి ఫ్యూజు హోల్డర్లన్నీ తీసేసి బ్లేడు ఫ్యూజు పెట్టె పెట్టడం, ఇంజనుకు రిలే, పంపుకూ మాస్టుకూ కొత్త తీగలు అనుకుంటున్నాను. ఇందులో తప్పేమైనా ఉందా?

నాలుగోఅల (కోవళం, చెన్నై)

సరైన నిర్ణయం. పంపును మాత్రం మెయిన్ స్విచ్చుకు ముందే, బ్యాటరీ నుంచి సొంత ఫ్యూజుతో నేరుగా కలపండి. మీరు మెయిన్ ఆపి ఇంటికి వెళ్లాక వాన నీరు చేరినా ఫ్లోటు స్విచ్ (నీరు పెరిగితే తేలి తనంతట తానే కలిసే స్విచ్) పంపును నడపాలి. మెయిన్ స్విచ్ సంగతి వచ్చింది కాబట్టి: ఇంజను నడుస్తుండగా దాన్ని ఆఫ్ చేయకూడదు, ఆల్టర్నేటరు (ఇంజనుతో తిరిగి బ్యాటరీని నింపేది) డయోడ్లు పోతాయి. ఈ మాట స్విచ్ పక్కనే తెలుగులోనూ తమిళంలోనూ రాసి అతికించండి, పడవ ఎక్కే ప్రతివారికీ తెలియాలి.

మాస్టు కొన దీపానికీ, కింది దీపాలకూ స్విచ్చులు వేరుగా ఉండాలి. 20 మీటర్ల లోపు పడవ తెరచాపతో నడిచేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు మూడూ ఒకే దీపంలో మాస్టు కొన చూపించవచ్చు. ఇంజను వేశాక అది చెల్లదు, అప్పుడు పక్క దీపాలు, వాటికి పైన తెల్లదీపం వెలగాలి. ఒకటి వేస్తే రెండోది ఆరిపోయే రెండు దారుల స్విచ్ పెడితే చీకట్లో పొరపాటుకు తావుండదు.

కాశిమేడు_మెకానిక్

గట్టు మీది 240 ఓల్టుల ఛార్జరు తీగ ఆ ప్యానెల్ వెనకకే వస్తోందా? వస్తుంటే దాన్ని వేరే పెట్టెలోకి మార్చేదాకా మరో పని మొదలుపెట్టవద్దు. పాత ఇంటి వైరింగులో నలుపు న్యూట్రల్, పడవ డీసీలో నలుపు మైనస్. రెండు నల్లతీగలు ఒకేచోట ఉంటే ప్రాణానికే ముప్పు.

ఉప్పుగాలి (రాయపురం, చెన్నై)

వస్తోంది అన్నగారూ, అదే ప్యానెల్ వెనకకు. రేపే విడదీయిస్తాను. చివరగా ఒక్క ప్రశ్న: మాస్టు అడుగున డెక్కు మీదున్న ప్లగ్గు ఎప్పుడూ తడిసే ఉంటుంది. దాన్ని మార్చినా మళ్లీ అదే గతి కదా?

పాతడీజిల్ (విశాఖపట్నం)

డెక్కు మీద ప్లగ్గే పెట్టకండి. హంసమెడలా మూతి కిందికి వంగిన గొట్టం గుండా తీగను నేరుగా లోపలికి దించి, పైకప్పు కింద పొడిగా ఉండే చోట టెర్మినల్ స్ట్రిప్పు (తీగలను స్క్రూలతో బిగించే పట్టీ) మీద కలపండి. తీగ స్ట్రిప్పును చేరేముందు కిందికి ఒక వంపు వదలండి, జారిన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. మాస్టు దించాల్సి వస్తే స్ట్రిప్పు దగ్గర విప్పుకోవచ్చు, అందుకు ఒక అర మీటరు తీగ అదనంగా చుట్టి ఉంచండి.