ఒకే అప్పుకి 3 చెక్ బౌన్స్ కేసులు, 3 శిక్షలు: మొత్తం 3 ఏళ్లు ఉండాలా?

ప్రశ్న:
మా బాబాయి ఒక ఫైనాన్షియర్‌కి ఒకే అప్పు కింద ఇచ్చిన 3 చెక్కులు బౌన్స్ అయ్యాయి. 3 కేసులు వేశారు, నిన్న మూడింట్లోనూ తీర్పు వచ్చింది, ఒక్కోదాంట్లో ఏడాది జైలు, పరిహారం. పేపర్లో ‘శిక్షలు ఏకకాలంలో అనుభవించాలి’ అని చదువుతుంటాం కదా, తీర్పుల్లో ఆ మాటే లేదు. అది దానంతటదే వర్తిస్తుందా? మేజిస్ట్రేట్ వేసే శిక్షకి ఏదో హద్దు ఉందని పక్కింటాయన అంటున్నారు. పిన్ని నిన్నట్నుంచి అన్నం ముట్టలేదు, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
దానంతటదే వర్తించదండీ. పక్కింటాయన చెప్పిన హద్దు ఉంది కానీ అది ఒకే విచారణలో రెండు లేదా అంతకు మించి నేరాలు రుజువైనప్పుడు. బీఎన్‌ఎస్‌ఎస్ (2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ బదులు వచ్చిన క్రిమినల్ విచారణల చట్టం) 25వ సెక్షన్ చూడండి, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఒక నేరానికి 3 ఏళ్ల దాకా వేయగలరు కాబట్టి అన్నీ కలిపినా దానికి రెట్టింపు, అంటే 6 ఏళ్లు దాటకూడదు. మీవి 3 వేర్వేరు కేసు నంబర్లు, కాబట్టి 467వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీలో 427) కిందికి వస్తాయి. అక్కడ కోర్టు ప్రత్యేకంగా చెప్పకపోతే ఒకటి అయ్యాకే ఇంకొకటి మొదలు. మొత్తం ఇంతకు మించకూడదన్న హద్దు ఆ సెక్షన్‌లో లేదు, నాకు అన్యాయంగా అనిపించేది ఇదే.

జవాబు 2:
పై మాట నిజమే, కానీ ధైర్యంగా ఉండండి. ఉత్తరప్రదేశ్‌లో కరెంటు సామాను దొంగతనం కింద ఒకే మనిషికి 9 కేసుల్లో ఒక్కోదాంట్లో 2 ఏళ్లు పడి మొత్తం 18 ఏళ్లు అయింది, ఏకకాలంలో చేయమంటే హైకోర్టూ కాదంది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అవన్నీ ఏకకాలంలో అమలు చేయమంది. మీకు ఇంకా దగ్గరి తీర్పు 2013 నాటి వి.కె. బన్సల్ కేసు. 15 చెక్ కేసుల్ని ఏ లావాదేవీకి ఆ లావాదేవీగా విడదీసి, ఒకే లావాదేవీవి ఏకకాలంలో, వేర్వేరువి ఒకదాని తర్వాత ఒకటి అన్నారు. మీది ఒకే అప్పు అంటున్నారు కాబట్టి అగ్రిమెంటు, ప్రామిసరీ నోటు, చెక్కుల తేదీలు ముందు పెట్టుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి, కోర్టు వేసిన పరిహారం కట్టకపోతే అదనంగా పడే జైలుకి ఈ వెసులుబాటు లేదు, అది విడిగా అనుభవించాల్సిందే.

జవాబు 3:
టైమ్ పోనివ్వకండి. సెషన్స్ కోర్టులో అప్పీలుకి 30 రోజులే, మూడింటికీ విడివిడిగా వేయాలి, ఏకకాలం సంగతి గ్రౌండ్స్‌లోనే (అప్పీలుకి చూపే కారణాల్లోనే) రాయించండి. బాబాయి బెయిల్ మీదే ఉంటే అప్పీలు వేసేదాకా శిక్ష ఆపమని ఆ మేజిస్ట్రేట్‌నే అడగొచ్చు. అప్పీల్లో పరిహారంలో కనీసం 20 శాతం డిపాజిట్ చేయమనొచ్చు, ఆ డబ్బు ఇప్పుడే చూసుకోండి. ఫైనాన్షియర్ ఒప్పుకుంటే ఈ దశలో కూడా రాజీ కుదురుతుంది, అప్పుడు శిక్షే ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
బెయిల్ మీదే ఉన్నారండీ. నోటు పిన్ని దగ్గరుంది, సోమవారం లాయర్‌గారికి ఇస్తాం.