అప్‌డేట్: పాతికవేల లోపు డీజే మిక్సర్ దొరికింది

పెళ్లి బరాత్‌లకి 25 వేలలో ఏ డీజే మిక్సర్ (పాటలు కలిపే పెట్టె) మంచిదని రెండు నెలల క్రితం అడిగాను కదా. కొత్తదే కావాలి, నాలుగు ఛానెళ్లు (ఒక్కో దాంట్లో ఒక్కో పాట పెట్టుకునే లైన్లు) ఉండాలి అని పట్టుబట్టింది నేనే. "నీ దగ్గర ఉన్నవి రెండు డెక్‌లు (పాట ప్లే చేసే మెషీన్లు), నాలుగు ఛానెళ్లు ఏం చేసుకుంటావు?" అని అప్పుడు అడిగిన అన్నకి దండం.

మూఢంలో ముహూర్తాలు లేక చాలామంది సామాను అమ్ముకుంటారు. అలా ఒక సీనియర్ డీజే దగ్గర సెకండ్ హ్యాండ్ పయొనీర్ డీజేఎమ్-250 ఎమ్‌కే2 తీసుకున్నా, 22 వేలు. రెండే ఛానెళ్లు, ఎఫెక్ట్స్ లేవు. కానీ ఒక్కో ఛానెల్‌కి ఫిల్టర్ నాబ్ (బేస్ గానీ ట్రెబుల్ గానీ తగ్గించేది) ఉంది, ల్యాప్‌టాప్‌కి కలుపుకునే సౌండ్ కార్డ్ లోపలే ఉంది, వెనక ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్ (మూడు పిన్నుల సాకెట్) ఉంది. జనరేటర్ పక్కన పొడుగు కేబుల్ లాగేటప్పుడు ఆర్‌సీఏ (పాత టీవీల వెనక ఉండే ఎరుపు-తెలుపు పిన్నుల రకం) అయితే హమ్ (గుయ్‌మనే మోత) వస్తుంది, అందుకే నాకు ఇదే ముఖ్యం.

కొనేముందు గంటసేపు కూర్చున్నా. పాట ఆపేసి గెయిన్ (లోపలికొచ్చే సౌండ్ పెంచే నాబ్) పెంచి హెడ్‌ఫోన్స్‌లో 'స్స్' ఎంత వస్తుందో విన్నా. ప్రతి ఫేడర్ (సౌండ్ పెంచడానికి జరిపే మీట) జరిపి, ప్రతి నాబ్ మెల్లగా తిప్పి చూశా. వెనక సాకెట్లలో పిన్నులు కదిపి చూశా. రెండో ఛానెల్ ఫేడర్ మాత్రం కొంచెం గరగరలాడింది. అది చూపించే 2 వేలు తగ్గించా! ఫేడర్లకి వాడే క్లీనర్ స్ప్రే కొడితే పోయింది.

అంతకుముందు ఒక షాపులో పేరులేని కొత్త మిక్సర్ 9 వేలకి ఇస్తామన్నారు. క్రాస్‌ఫేడర్ (ఒక పాట నుంచి ఇంకో పాటకి మార్చే మీట) పూర్తిగా ఒకవైపు నెట్టినా రెండోవైపు పాట సన్నగా వినిపిస్తూనే ఉంది. వదిలేశా.

ఇప్పటికి ఐదు బరాత్‌లు అయ్యాయి, ఏ టెన్షన్ లేదు. మిగిలిన 3 వేలతో స్టెబిలైజర్ చూస్తున్నా.