‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’ కొత్త డిస్క్‌లో గోడలన్నీ పచ్చగా ఉన్నాయి. టీవీ తప్పా, డిస్క్ తప్పా, నా కళ్ళా?

బ్లౌజ్‌పీస్_గుంటూరు

నమస్కారమండీ. టీవీల గురించి నాకు పెద్దగా తెలియదు, రంగుల గురించి మాత్రం తెలుసు. బ్రాడీపేటలో పంతొమ్మిదేళ్లుగా మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. ఎవరైనా చీర తెచ్చి బల్ల మీద పరిస్తే, ఉన్న మెరూన్లన్నిట్లో దానికి కలిసేది ఏదో వాళ్ళు కూర్చునేలోపే తీసి ఇస్తాను. ఇచ్చాక గుమ్మం బయటికి తీసుకెళ్లి ఎండలో కూడా చూపిస్తాను. ట్యూబ్‌లైటు కింద కలిసినవి ఎండలో విడిపోతుంటాయి మరి. కాబట్టి కింద రాసింది ‘ఈవిడకి అలా అనిపించిందిలే’ అని తీసెయ్యకండి.

మా ఆయనకి ఒకప్పుడు డీవీడీలు అద్దెకిచ్చే షాపు ఉండేది. అది మూసేసినప్పుడు ఇంటికి చేరిన అట్టపెట్టెలో ఈ సినిమా ఉంది. లండన్‌లో చదువుకుని వచ్చిన కుర్రాడెవరో లేటు ఫీజుకి బదులుగా ఇచ్చి పోయాడట. వాంగ్ కార్ వై తీసిన హాంకాంగ్ సినిమా, 2000లో వచ్చింది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మొదట్లో కథ కోసం కాదు, హీరోయిన్ మ్యాగీ చంగ్ వేసుకున్న ఆ ఎత్తు కాలరు గౌన్ల కోసం. చోంగ్సామ్ అంటారట. పూలు, గళ్ళు, చారలు... గౌను మారితేనే రోజు మారిందని మనకి తెలుస్తుంది. ‘మర్నాడు’ అని ఎవరూ చెప్పరు.

చూడనివాళ్ళకి కథ రెండు ముక్కల్లో చెప్తాను. 1962. షాంఘై నుంచి వచ్చి హాంకాంగ్‌లో స్థిరపడ్డవాళ్ళ ఇరుకు వాటాలు. పక్కపక్క ఇళ్ళల్లోకి ఒకేరోజు రెండు జంటలు అద్దెకి దిగుతాయి. ఈ ఇంటాయనకీ ఆ ఇంటావిడకీ సంబంధం ఉందని మిగిలిన ఇద్దరికీ తెలిసిపోతుంది. ఆ తప్పు చేసిన ఇద్దరి మొహాలు సినిమా మొత్తంలో మనకి చూపించరు. వీపు, గొంతు, అంతే. విషయం ఎలా బయటపడుతుందంటే, ఈమె హ్యాండ్‌బ్యాగ్ లాంటిదే అతని భార్య దగ్గర ఉంటుంది, అతని టై లాంటిదే ఈమె భర్త దగ్గర ఉంటుంది. మ్యాచింగ్ వల్ల బయటపడ్డ వ్యవహారం అన్నమాట. నాకు నచ్చక ఏమవుతుంది?

ఇప్పుడు సంగతేంటంటే, పోయిన నెల మా ఆడపడుచు కొడుకు న్యూజెర్సీ నుంచి వస్తూ క్రైటీరియన్ అనే అమెరికా డిస్కుల కంపెనీ వాళ్ళ 4కె డిస్క్ తెచ్చాడు. మా అబ్బాయి గేమ్ మిషన్ పీఎస్5లో పెట్టి చూశాం. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో చెప్పలేను, గౌను మీద నేత కనపడుతోంది. కానీ గోడల మీద, తెల్ల చొక్కాల మీద, ఆఖరికి ఆమె బుగ్గల మీద పచ్చ! పచ్చంటే పసుపా, ఆకుపచ్చా అనకండి, రెండూ కలిపి బకెట్లో ఒక్కసారి జాడించినట్టుంది. హోటల్ వరండాలో ఎర్ర కర్టెన్లు ఎర్రగానే ఉన్నాయి గానీ పాత డిస్క్‌లో ఉన్న వేడి లేదు.

ఇంకోటి, పాతది 94 నిమిషాలు, కొత్తది 98. నాలుగు నిమిషాలు ఎక్కడ కలిపారో రెండుసార్లు చూసినా దొరకలేదు. ఆమె నూడుల్స్ క్యారియర్ పట్టుకుని మెట్లు దిగుతుంటే వచ్చే వయొలిన్ కూడా కొంచెం శ్రుతి తగ్గినట్టుంది. పెట్టెలో ఇంకో బ్లూరే కూడా ఉంది, అది పెడితే ప్రాంతం సరిపోదని మెసేజ్ వస్తోంది. ఇవన్నీ ఒక్క జబ్బేనా, వేరువేరా?

రీలుడబ్బా

వేరువేరు మేడమ్. తేలికది ముందు చెప్తా. సీన్లేమీ కలపలేదు. మీ పాత డిస్క్ బ్రిటన్‌ది, అంటే పాల్ అనే టీవీ పద్ధతిలోది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, పాల్ టీవీకి 25 కావాలి. అందుకని ఆ రోజుల్లో సినిమాని అలాగే కాస్త వేగంగా తిప్పి డిస్క్‌లోకి ఎక్కించేవాళ్ళు. 98ని 25తో భాగించి 24తో గుణించండి, 94 వస్తుంది. వేగం పెరిగితే శ్రుతీ పెరుగుతుంది. హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య ఎంత తేడా ఉంటుందో, అందులో మూడింట రెండొంతుల పైన. అంటే మీరు ఇన్నేళ్లూ విన్నదే ఎక్కువ శ్రుతి, ఇప్పుడు వింటున్నది అసలుది. చెవి పట్టేసిందంటే మీకు దండం.

బ్లూరేలని అమ్మే ప్రాంతాన్ని బట్టి రీజియన్లుగా విడగొట్టారు. ఆ రెండో డిస్క్ అమెరికాది, రీజియన్ ఎ. మన దేశం బ్లూరేకి రీజియన్ సి. ఇక్కడ కొన్న పీఎస్5లో అది ఆడదు. 4కె డిస్కులకి ఆ గొడవ లేదు, ఎక్కడివైనా ఆడతాయి.

ఇక పచ్చ. ముందు టీవీ సంగతి తేల్చుకోండి. పిక్చర్ మోడ్ ‘వివిడ్’లో ఉందా? షోరూములో పక్క టీవీ కంటే మెరవాలని పెట్టే మోడ్ అది. ‘సినిమా’ గానీ ‘ఫిల్మ్‌మేకర్’ గానీ పెట్టండి. కలర్ టెంపరేచర్ ‘వార్మ్ 2’. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, నాయిస్ రిడక్షన్ పూర్తిగా ఆపెయ్యండి. అది ఉంటే ఫిల్మ్ గ్రెయిన్‌ని, అంటే ఫిల్మ్‌లో సహజంగా ఉండే సన్నటి రవ్వని, మురికి అనుకుని తుడిచేస్తుంది, దాంతోపాటు మీరు చెప్పిన ఆ నేత కూడా పోతుంది. రెండు పక్కలా సన్నటి నల్ల పట్టీలు ఉంటాయి, సినిమా కొలత 1.66 కాబట్టి. స్క్రీన్ నింపుదామని సాగదీయకండి.

ఫార్వర్డ్‌బటన్

అక్కా, ఏమీ అనుకోకు. మా రూమ్మేట్ బలవంతం మీద చూశా. గంటన్నర పైన వాళ్ళు నడవడం, నూడుల్స్ తేవడం, వాన. ముద్దు కూడా లేదు. సంబంధం పెట్టుకున్నవాళ్ళని చూపించరు, చూపించినవాళ్ళు పెట్టుకోరు. దీనికి 4కె ఎందుకు?

బ్లౌజ్‌పీస్_గుంటూరు

తమ్ముడూ, ఆమె ఆఫీసులో హో అని ఒక బాస్ ఉంటాడు, గమనించావా? పెళ్ళాం ఉంది, ఇంకొకావిడ కూడా ఉంది. ఇద్దరి సంగతులూ సర్దిపెట్టేది ఈమే. ఒకరోజు ఆయన టై మార్చుకొస్తే ఈమె కనిపెట్టేస్తుంది. ఆమె చూసిందంటే ఇంట్లో భార్యా చూస్తుంది కదా, ఆయన మళ్ళీ పాత టై కట్టుకుంటాడు. చిన్న సీనే. అక్కడ ఆఫీసులో నవ్వుకునే విషయం, ఇంటికొచ్చేసరికి తన భర్త మెడలో ఉంది.

ఇంకోటి, భర్తని నిలదీయడం ఎలాగో పక్కింటాయన్ని ఎదురుగా కూర్చోబెట్టి రిహార్సల్ చేస్తుంది. ఆయన భర్త వేషంలో ‘అవును’ అంటాడు. ఉత్తుత్తి మాటే, ఆమెకి నిజంగానే ఏడుపొస్తుంది. మా షాపుకొచ్చే ఒకావిడ ఇలాగే, భర్త కొన్నాడని ఒక చీర తెచ్చింది, కానీ ఆమెకి ఇవ్వలేదు, బీరువాలో దొరికిందట. జాకెట్టు గుడ్డ అడగలేదు. ‘ఇది ఏ వయసు వాళ్ళు కడతారండీ?’ అని అడిగింది. నేనేం చెప్పాలి? ముద్దు లేని సినిమా అన్నావు చూడు, అందుకే గుర్తొచ్చింది.

రీలుడబ్బా గారూ, వివిడ్‌లోనే ఉందండీ. టీవీ బిగించిన అబ్బాయి పెట్టి వెళ్ళాడు. మీరు చెప్పినట్టు మార్చి మళ్ళీ చూశాం. ఆకుపచ్చ చాలావరకు తగ్గింది. పసుపు మాత్రం ఉంది. పాతదీ ఇదీ ఒకే సీను దగ్గర ఆపి చూశాను, కలవట్లేదు. ఒకే తాను గుడ్డ కాదు ఇది.

ల్యాబ్_బాబాయ్

ఒకే తానే అమ్మా, అద్దకం వేరు.

చెన్నైలో ఒక ఫిల్మ్ ల్యాబ్‌లో, ప్రింటుకి రంగులు సరిచేసే గ్రేడర్ దగ్గర తొమ్మిదేళ్లు అసిస్టెంటుగా చేశాను. నెగటివ్‌లో చివరి రంగు ఉండదు. అది ప్రింటు కొట్టేటప్పుడు తేలేది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు లైట్లు, ఒక్కోదానికి 1 నుంచి 50 దాకా పాయింట్లు. కెమెరామన్ పక్కన కూర్చుని ‘ఇక్కడ ఎరుపు రెండు పెంచు’ అంటే పెంచేవాళ్ళం. షాటు షాటుకీ అలా రాసుకుని, ఫస్ట్ కాపీ తీసి, వేసి చూసి, మళ్ళీ దిద్దేవాళ్ళం. థియేటర్లో ప్రొజెక్టర్ లాంప్ మసకబారితే ఆ కష్టమంతా గంగలో పోసినట్టే, అది వేరే కథ.

ఆ సినిమాకి 4కె పని ఒరిజినల్ కెమెరా నెగటివ్ నుంచే జరిగింది. ఇటలీలో బొలోన్యాలో లిమాజినే రిత్రోవాతా అని పాత సినిమాలు బాగుచేసే ల్యాబ్ ఉంది, అందులో. నెగటివ్ స్కాన్ చేశాక రంగు ఎంత ఉండాలో మళ్ళీ ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఈసారి చెప్పింది డైరెక్టరే. వాంగ్ కార్ వై దాపరికం లేకుండా రాశాడు కూడా, ఇవి అప్పటి సినిమాలు కావు, మనమూ అప్పటి ప్రేక్షకులం కాము అనే అర్థంలో. తన ‘ఫాలెన్ ఏంజెల్స్’కైతే తెర కొలతే మార్చేశాడు. కాబట్టి మీ టీవీ తప్పు సగం, మిగతా సగం డైరెక్టర్ కోరి పెట్టిన రంగు. డిస్క్ పాడవలేదు.

నా అభిప్రాయం అడిగితే, ఆ సినిమా తీసిన కెమెరామన్లు ఇద్దరు, క్రిస్టఫర్ డాయిల్, మార్క్ లీ పింగ్ బిన్. మొదటాయన మధ్యలో వెళ్ళిపోతే రెండో ఆయన పూర్తి చేశాడు. షూటింగు నెలల తరబడి సాగింది, హాంకాంగ్ వీధులనుకునేవాటిలో చాలా భాగం బ్యాంకాక్. ఇన్ని చోట్ల ఇద్దరు తీసినదాన్ని ఒక్క రంగులోకి తెచ్చిన ఆ పాత ప్రింట్ గ్రేడర్ ఎవరో గానీ మహానుభావుడు. డైరెక్టర్‌కి మార్చే హక్కు ఉంది. కానీ పాతది కూడా అమ్మకానికి ఉంచాలి. అద్దకం నచ్చలేదని ముందు నేసిన చీరని తగలబెట్టరు కదా.

ఒక పని చెయ్యమ్మా. ఎండలో చూపిస్తానన్నావు. ఆ సినిమా అంతా రాత్రులు, గదులు, బల్బులు. బారెడు పగటి వెలుతురు ఉండేది చివర్న అంగ్‌కోర్ వాట్‌లో, ఆ పక్కింటాయన గోడ కన్నంలో తన గుట్టు చెప్పి గడ్డితో మూసే చోట. అక్కడ రాళ్ళు ఏ రంగులో ఉన్నాయో రెండు డిస్కుల్లోనూ చూడు.

ఇర్వింగ్_నుంచి

నా దగ్గర మధ్యలోది ఉంది, 2012లో క్రైటీరియనే తెచ్చిన బ్లూరే. అట్ట వెనక కెమెరామన్ మార్క్ లీ ఆమోదించాడని ఉంది. బాబాయ్ మాట నిజమే అనిపిస్తోంది. అందులో ఎరుపు గట్టిగా ఉంటుంది, దీపాల దగ్గర ఒళ్ళు వెచ్చగా కనపడుతుంది. కొత్త 4కెలో నీడల్లో వివరం ఎక్కువ. మా ఆవిడ కొత్తదే బాగుందంది, పాత ఫోటో ఆల్బమ్ లాగా ఉందట. నేను ఇంకా ఒప్పుకోలేదు.

అది కూడా రీజియన్ ఎ, గుంటూరులో ఆడదు. డిసెంబరులో వస్తున్నా, కావాలంటే అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ ఇక్కడ దొరుకుతుంది. వోల్టేజీ మాత్రం చూసుకుని తేవాలి.

బ్లౌజ్‌పీస్_గుంటూరు

బాబాయ్ గారూ, అద్దకం అన్నారు చూడండి, ఇప్పుడు అర్థమైంది. మా ఆయన పాత డిస్క్ ఇక ఎందుకు, ఎవరికైనా ఇచ్చేద్దాం అంటున్నాడు. ఇవ్వను. లేటు ఫీజు నేనే కడతానని చెప్పాను.

ఇర్వింగ్ గారూ, ప్లేయర్ వద్దులెండి. ఆ 2012 డిస్క్‌లో కర్టెన్ల సీను ఫోన్‌తో ఫోటో తీసి పంపండి చాలు. మీ ఫోను ఏ రంగు కలుపుతుందో మళ్ళీ అదొకటి!

అంగ్‌కోర్ రాళ్ళు ఇంకా చూడలేదు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు టీవీ మా అత్తగారిది. అసలు సమస్య అదే. వార్మ్ 2 పెట్టినప్పటి నుంచి సీరియల్లో అందరికీ కామెర్లు వచ్చినట్టున్నాయని గోల చేస్తున్నారు. సినిమాకి ఒకటి, సీరియల్‌కి ఒకటి పెట్టుకునే దారి ఉందా?

రీలుడబ్బా

ఉంది మేడమ్. చాలా టీవీల్లో ఏ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కి పెట్టిన సెట్టింగ్ దానికే గుర్తుంటుంది. ‘అన్ని ఇన్‌పుట్లకీ వర్తించు’ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆఫ్ చెయ్యండి. సెట్‌టాప్ బాక్స్ ఉన్న ఇన్‌పుట్‌కి వెళ్ళి అత్తగారికి వివిడ్ ఇచ్చెయ్యండి.