టీచరును దాటి ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాయడం తప్పా?

మూడో తరగతి అమ్మ

మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి, సీబీఎస్‌ఈ సిలబస్. నోటితో అడిగితే ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) పాఠం మొత్తం చెబుతాడు, అడగనివి కూడా చెబుతాడు. రాయమంటే మాత్రం పెన్సిల్ కదలదు. బోర్డు మీదున్నది సగం ఎక్కించుకునేలోపు టీచరు తుడిచేస్తారు. తెలుగులో ఒత్తులు మాయమవుతాయి, ఇంగ్లీషులో బీ, డీ తారుమారవుతాయి. సైకాలజిస్టు పరీక్షలు చేసి, చదవడంలోనూ రాయడంలోనూ నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉందని నివేదిక ఇచ్చారు.

పేరెంట్ మీటింగులో క్లాస్ టీచరును నాలుగు అడిగాను. ముందు బెంచీలో కూర్చోబెట్టడం, బోర్డు నోట్సు ఫోటో తీసి పంపడం, ఈవీఎస్ పరీక్షలో కొన్ని ప్రశ్నలు నోటితో అడగడం, ఆ పేపరులో అక్షరదోషాలకు మార్కులు కోయకపోవడం. "నలభై మంది ఉన్నారు మేడమ్, ఒక్కడికి చేస్తే మిగతావాళ్లు అడగరా?" అన్నారు. ఆ తర్వాత నోట్సు పూర్తికాలేదని ఆటల పీరియడ్‌లో వాణ్ని క్లాసులోనే కూర్చోబెట్టడం మొదలైంది. కోఆర్డినేటర్‌ను కలిస్తే, క్లాసులో వాడి పక్కనే కూర్చుని సాయం చేసే షాడో టీచరును పెట్టుకోండి, జీతం మీరే ఇచ్చుకోవాలి అని తేల్చేశారు.

ప్రిన్సిపాల్‌కు రాద్దామని మా వారు. మా మామగారు పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరు. "పైకి రాస్తే ఆవిడ పిల్లవాణ్ని ఏమీ అనదమ్మా, పట్టించుకోవడం మానేస్తుంది. దానికి సాక్ష్యం కూడా ఉండదు" అంటారు. మీరైతే ఏం చేస్తారు?

ఉప్పల్ నాన్న

రాయండి. ఫీజు కట్టినప్పుడు రసీదు అడుగుతాం కదా, ఇదీ అంతే.

ఎస్జీటీ మాస్టారు

నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తాను. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచరని విద్యాహక్కు చట్టంలో ఉంది. కాగితం మీద మా బడి ఆ లెక్కకు సరిపోతుంది కూడా. ఒకే గదిలో మూడు తరగతులు పక్కపక్కనే కూర్చుంటే ఆ లెక్కకు అర్థమేమిటో చట్టం రాసినవాళ్లు వచ్చి చూడాలి. పొద్దున ముఖగుర్తింపు హాజరు, తర్వాత భోజనం లెక్క, మధ్యలో ఎవరో ఫోను చేసి ఏదో సమాచారం వెంటనే పంపమంటారు.

ఇది సాకు కాదు. ఆ టీచరు గారు అలా ఎందుకన్నారో తెలియాలని చెబుతున్నాను. ఉత్తరం అందిన రోజు నుంచి ఏ టీచరైనా ఆ పిల్లవాడి దగ్గర జాగ్రత్తగా ఉంటారు. జాగ్రత్త వేరు, దగ్గరితనం వేరు. వాడు తప్పు రాస్తే పక్కన కూర్చుని దిద్దాలన్న ఉత్సాహం పోయి, రేపు ఎవరికి ఏం సమాధానం చెప్పాలోనన్న భయం మిగులుతుంది. మీ మామగారి మాటలో అనుభవం ఉంది. బడి వదిలాక మళ్లీ ఒకసారి వెళ్లండి. నాలుగు అడగకండి, ఒక్కటి అడగండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. కొందరు పిల్లలు ఆలస్యంగా అందుకుంటారు. మూడో తరగతికే వైకల్యమన్న ముద్ర అవసరమా?

ఇద్దరు ఆడపిల్లల తల్లి

మాస్టారు చివర అన్నదే నా సందేహం కూడా. మా పాప రాత్రి తొమ్మిది దాకా కూర్చుని స్పెల్లింగులు వల్లె వేస్తుంది, ఒక్కోరోజు ఏడుస్తుంది. పక్క బెంచీ పిల్లవాడికి దోషాలు లెక్కలోకి రావని తెలిస్తే దానికి నేనేం చెప్పాలి? డబ్బులిస్తే నివేదికలు ఇచ్చేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఈ ఏడాది ఒకరు తెస్తే వచ్చే ఏడాది సగం క్లాసు తెస్తుంది. జాలి లేక అనడం లేదు. కానీ రూలంటే అందరికీ ఒకటే ఉండాలి కదా.

భవిత కేంద్రం నుంచి

మండల భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలతో పనిచేస్తాను. పైన ఇద్దరి మాటలూ మాకు రోజూ వినబడేవే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

తెలుగు రాత ఇలాంటి పిల్లవాడికి ఎంత కష్టమో ముందు చూడండి. ఇంగ్లీషులో అక్షరాలు ఒక వరుసలో నడుస్తాయి. మన దగ్గర తలకట్టు పైన, ఒత్తు కింద, కొన్ని గుర్తులు పక్కన. పైగా కొన్ని ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. త, న, మ, య, ర, ల తీసుకోండి, వాటి ఒత్తులను విడిగా బట్టీ పట్టాల్సిందే. దీనికి తోడు చాలా ప్రైవేటు బడుల్లో మూడో తరగతికే హిందీ కూడా ఉంటుంది. అంటే ఎనిమిదేళ్ల పిల్లవాడు మూడు లిపులతో కుస్తీ పడుతున్నాడు. నోటితో పాఠమంతా చెప్పగలిగి, కాగితం మీద పెట్టలేకపోతుంటే అది సోమరితనం కాదు. మాస్టారూ, ఆలస్యంగా అందుకునే పిల్లలూ ఉన్నారు, నిజమే. వాళ్లకు సాధన పెంచితే మార్పు కనబడుతుంది. వీళ్లకు సాధన పెంచినకొద్దీ ఏడుపు పెరుగుతుంది. ముద్ర సంగతంటారా, మీరు వేయకపోయినా తోటి పిల్లలు ఎప్పుడో వేసేసి ఉంటారు. "మొద్దు" అనే ముద్ర.

ఆడపిల్లల అమ్మగారికి: మూడో తరగతి అమ్మ అడిగింది ఈవీఎస్ పేపరులో. చెరువు నీరు ఎందుకు తగ్గుతుందని అడిగిన ప్రశ్నకు పిల్లవాడికి జవాబు తెలుసా లేదా అన్నదే అక్కడ చూడాల్సింది. స్పెల్లింగు పరీక్షలో మీ పాపకు కోసినట్టే వాడికీ కోయవచ్చు, అక్కడ కొలిచేదే స్పెల్లింగు కాబట్టి. ఇక నివేదికలు కొనుక్కోవడం గురించి. ప్రైవేటు సైకాలజిస్టు నివేదిక వేరు, వైకల్య ధ్రువపత్రం వేరు. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ వైకల్యానికి ఎనిమిదేళ్లు నిండాకే ధ్రువపత్రం ఇవ్వాలని పెట్టారు. 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్షించాలని కూడా వాటిలో ఉంది. అంత తేలిగ్గా దొరికేది కాదు. దీనిలో ఇంకో చిక్కుంది. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకు ధ్రువపత్రం వచ్చే వీలే లేనప్పుడు, అది తెస్తే తప్ప ఏమీ చేయమని బడి అనడం ఏమి న్యాయం?

టీచర్ల కోసమే ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రశస్త్ అనే యాప్ తెచ్చింది. మామూలు టీచరు మొదటి భాగం నింపితే ఏ పిల్లవాడిని ఇంకా గమనించాలో తెలుస్తుంది. యాప్ నింపడంతో పని అయిపోదు, అది నిజం. (మరో యాప్ అనగానే మాస్టారి ముఖం ఎలా మారిందో ఊహించగలను.)

కోర్టు పక్షి

చట్టం సంగతి క్లుప్తంగా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు అందులో ఒకటి. 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులతో నడిచే బడులకే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులకూ వర్తిస్తుంది. పిల్లల్లో ఈ ఇబ్బందిని వీలైనంత తొందరగా గుర్తించి, బోధనలో తగిన చర్యలు తీసుకోవాల్సిన బాధ్యత ఆ సెక్షన్ ప్రకారం బడిదే. తల్లి నివేదిక పట్టుకుని వెళ్లి బతిమాలడం దాకా రాకూడదు అసలు.

కనీసం 40 శాతం వైకల్యం ఉందన్న ధ్రువపత్రం లేదు కాబట్టి వెసులుబాటు లేదనే వాదన కూడా చెల్లదు. రాయడానికి చేయి సహకరించని ఒక సివిల్స్ అభ్యర్థి విషయంలో, వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కేసులో, సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఇదే తేల్చింది. సహేతుకమైన వెసులుబాటు ఆ శాతం దాటినవాళ్లకే పరిమితం కాదని. బడి మోయలేనంత భారం పడకూడదన్న షరతు చట్టంలో ఉంది. ముందు బెంచీ ఏ యాజమాన్యానికి మోయలేని భారమో వాళ్లే చెప్పాలి. షాడో టీచరు జీతం తల్లిదండ్రులు కట్టాలని చట్టంలో ఎక్కడా లేదు. ఆటల పీరియడ్ ఆపడం వేరే సమస్య. శారీరక శిక్షనే కాదు, మానసిక వేధింపును కూడా విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. రాయలేనివాణ్ని రాయలేదని రోజూ ఆటకు దూరం పెట్టడం దానికి ఎంతో దూరంలో లేదు.

ఎస్జీటీ మాస్టారు

సెక్షన్లు నాకూ తెలుసు. సెక్షన్ వచ్చి గదిలో రెండో టీచరుగా నిలబడదు. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక టీచరుండాలని సుప్రీంకోర్టే 2021లో చెప్పింది. తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులు, అందులో ప్రత్యేక విద్యవి 1,016. ఆంధ్రప్రదేశ్ 2025లో ప్రత్యేక విద్యకు 2,260 పోస్టులు మంజూరు చేసింది. రావడం మంచిదే. ఎన్ని మండలాలు, ఎన్ని బడులు, మీరే భాగించుకోండి. ప్రైవేటు బడుల్లో ఎంతమంది ఉన్నారో అడిగే నాథుడే లేడు.

బాపట్ల బడి తండ్రి

ప్రభుత్వ బడిలో చదివించేవాణ్ని, ఒక్క మాట. 2024 డిసెంబర్ 7న మా రాష్ట్రంలో ప్రభుత్వ బడులన్నింటిలో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టారు. ముగ్గుల పోటీలు, ఆటలు, భోజనం, సందడి బాగుంది. బడి గడప తొక్కని తండ్రులు కూడా వచ్చారు, అది చిన్న విషయం కాదు. కానీ అంతమంది ముందు మా పిల్లవాడు చదవలేకపోతున్నాడని ఏ తల్లి నోరు విప్పుతుంది? అందుకు వేరే రోజు, వేరే కుర్చీ కావాలి. ప్రైవేటు బడులకైతే విద్యాహక్కు చట్టం చెప్పే యాజమాన్య కమిటీ కూడా లేదు, ఎయిడ్ తీసుకోని బడులను దాన్నుంచి మినహాయించారు. ఇక ఉత్తరం తప్ప ఆవిడకు ఏముంది?

ఎర్ర సిరా

నేను ప్రైవేటు బడిలో రెండు, మూడు తరగతులకు చెబుతాను. ఇక్కడ అందరూ టీచరు మంచిదా చెడ్డదా అని కొట్టుకుంటున్నారు. మా బడుల్లో నోట్సులు ఎవరు చూస్తారో తెలుసా? ప్రతి యూనిట్ అయ్యాక కోఆర్డినేటర్ నోటుబుక్కులు తెప్పించుకుంటారు. ఏ పిల్లవాడి నోట్సులో ఖాళీ పేజీ ఉన్నా రిమార్కు పడేది నాకు. ఇంక్రిమెంటు మాటల్లో అది మళ్లీ పైకి వస్తుంది. ఆటల పీరియడ్‌లో ఆ టీచరు ఆ పిల్లవాణ్ని కూర్చోబెట్టింది కక్షతో కాకపోవచ్చు. ఆవిడ తన రిమార్కు తప్పించుకుంటోంది. అది సరైన పని అనడం లేదు. చేయకూడదు. కానీ కారణం అది.

బోర్డు నోట్సు ఫోటో పంపమన్నారు. చాలా బడుల్లో క్లాసులోకి ఫోను తేనివ్వరు. ఒకరికి నోటితో పరీక్ష పెట్టానని తెలిస్తే మార్కుల జాబితా మీద సంతకం చేసేవాళ్లు నన్నే నిలదీస్తారు. మీరడిగిన నాలుగింటిలో టీచరు చేతిలో ఉన్నది ముందు బెంచీ ఒక్కటే, అమ్మా. మిగతా మూడింటికీ ప్రిన్సిపాల్ సంతకం కావాలి. అందుకే పైకి రాయండి. టీచరు మీద కాదు, టీచరుకు అనుమతి ఇమ్మని రాయండి. నా క్లాసులో ఇలాంటి పిల్లవాడుంటే అలాంటి ఉత్తరం కోసం నేనే ఎదురుచూసేదాన్ని. రాతలో ఆదేశం ఉంటే ఖాళీ పేజీ గురించి నన్నెవరూ అడగరు.

ఇద్దరు ఆడపిల్లల తల్లి

ఈ నోట్సుల తనిఖీ సంగతి నాకు తెలియదు. అయితే మా పాప ఏడుపుకూ కారణం అదేనన్నమాట. స్పెల్లింగు గురించి నా మాట నేను వెనక్కి తీసుకోను గానీ, ఈవీఎస్‌లో కోయకపోతే నాకేం అభ్యంతరం లేదు. ఆ మాటకొస్తే ఈవీఎస్‌లో ఎవరికీ కోయనక్కర్లేదు.

ఎడిసన్ నాన్న

ఇక్కడ అమెరికాలో ప్రభుత్వ బడిలో మా అమ్మాయికి ఇలాంటి వెసులుబాట్లున్నాయి. 1973 చట్టంలోని 504వ సెక్షన్ కింద ఇచ్చేవి కొన్ని, ప్రత్యేక బోధన కూడా కావాలంటే ఐఈపీ, అంటే ఆ పిల్లకు విడిగా రాసే విద్యా ప్రణాళిక. పరీక్షలు చేయించమని రాతపూర్వకంగా అడగడం ఇక్కడ గొడవ కింద లెక్కకాదు, అందరూ చేసేదే. సమ్మతి ఇచ్చాక 60 రోజుల్లో పరీక్షలు ముగించాలని సమాఖ్య చట్టం చెబుతుంది, కొన్ని రాష్ట్రాలకు సొంత గడువులున్నాయి. కాగితంలో ఏముందో క్లాసుకొచ్చే ప్రతి టీచరుకూ తెలుస్తుంది, కొత్త టీచరు వచ్చినప్పుడల్లా కథ మొదటి నుంచీ చెప్పనక్కర్లేదు. స్వర్గమని అనుకోకండి. మీటింగులో బల్లకు అటువైపు ఆరుగురు, ఇటువైపు మేమిద్దరం. బడి కాదన్నదాన్ని సాధించడానికి వకీళ్లను పెట్టుకున్న తెలుగువాళ్లూ ఉన్నారు. ప్రైవేటు బడికి మారితే ఈ హక్కుల్లో చాలా భాగం వెంట రాదు.

మూడో తరగతి అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. నోట్సు తనిఖీ సంగతి మామగారిని అడిగాను. "మేమూ అలాగే తనిఖీ చేసేవాళ్లం" అని ఊరుకున్నారు. ఉత్తరం రాశాను, చూసి చెప్పండి:

"ప్రిన్సిపాల్ గారికి, మా అబ్బాయి నివేదిక జతచేస్తున్నాను. క్లాస్ టీచరు గారి నిర్లక్ష్యం వల్ల మా అబ్బాయి ఆటల పీరియడ్ పోగొట్టుకుంటున్నాడు. 2016 చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఈ కింది నాలుగు వెసులుబాట్లు వెంటనే ఇవ్వాలి, లేనిచో తగిన చర్య తీసుకుంటాము…"

ఎర్ర సిరా

"నిర్లక్ష్యం" తీసేయండి. "క్లాస్ టీచరు గారికి ఈ అనుమతులు రాతపూర్వకంగా ఇవ్వగలరు" అని పెట్టండి. నోట్సు తనిఖీ నుంచి వాడి పుస్తకాలకు మినహాయింపు అని ఐదోది చేర్చండి. అది లేకపోతే మిగతా నాలుగూ నిలబడవు. ఉత్తరం ఇచ్చేముందు టీచరుకు ఒక ప్రతి చూపించండి, పైనుంచి తెలియడం కన్నా మీ నుంచి తెలియడం నయం.

కోర్టు పక్షి

"లేనిచో" వాక్యం కూడా తీసేయండి. సెక్షన్ పేరు ఉంటే చాలు, చదివేవాళ్లకు అర్థమవుతుంది. ఆఫీసులో ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే దివ్యాంగుల హక్కుల రాష్ట్ర కమిషనర్ దగ్గరకు వెళ్లే దారి ఉంది, ఆ ముద్ర అప్పుడు పనికొస్తుంది.

ఎస్జీటీ మాస్టారు

ఇలా రాస్తే నాకూ అభ్యంతరం లేదు. ఒక్కటి మాత్రం ముందుకు తెండి. ఆటల పీరియడ్ మాట మొదట రాయండి, బెంచీ సంగతి తర్వాత. మిగతావాటికి వాళ్లు మీటింగులు పెట్టుకుంటారు, నెల పడుతుంది. ఆటకు పంపడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, రేపటి నుంచే పంపవచ్చు.